కోనసీమలో ప్రహరీ గోడకి ఏఐతో ఎస్టిమేట్

"ప్రహరీకి ఎస్టిమేట్ ఇవ్వు" అని ఊరికే అడిగితే ఏఐ వేసే లెక్క మన కోనసీమ నేలకు సరిపోవట్లేదు. ఇక్కడ ఒండ్రు మట్టి, కాస్త తవ్వితే ఊట. అందుకే ఇప్పుడు ఇలా రాస్తున్నాను:

"పొడవు 100 అడుగులు, ఎత్తు 5, మందం 9 అంగుళాలు. ఇటుక 9×4×3. సిమెంటు, ఇసుక 1:6. నీళ్లు తోడే మోటారు ఖర్చు, కాలవ గట్టు మీదకి లారీ రాదు కాబట్టి ట్రాక్టరు కిరాయి విడిగా చూపించు. రేట్లు ఊహించకు, ఆ గడి ఖాళీగా వదిలెయ్. సందేహముంటే ముందు నన్నడుగు."

ఆఖరి రెండు మాటలే దీనికి ప్రాణం. రేట్లు బట్టీలో, షాపులో కనుక్కుని నేనే వేస్తాను. బట్టీకో సైజు ఇటుక ఉంటుంది, అది చెప్పకపోతే ఇటుకల సంఖ్యే తేడా వస్తుంది. గోడ 375 ఘనపుటడుగులు వచ్చిందో లేదో చేత్తో సరిచూస్తాను. పునాది లోతు మాత్రం ఇంజనీరు గారు చెప్పిందే వేస్తాను, ఏఐని అడగను.