న్యూయార్క్ బెంచ్‌మార్కింగ్: రిపోర్ట్ పంపాక కూడా నోటీసో, తప్పు గ్రేడో వస్తోందా?

న్యూయార్క్ సిటీ చట్టం లోకల్ లా 84 కింద 25,000 చదరపుటడుగులు దాటిన బిల్డింగ్‌కి కరెంటు, గ్యాస్, నీళ్ళ వాడకం లెక్క (దీన్నే బెంచ్‌మార్కింగ్ అంటారు) ఏటా మే 1 లోపు సిటీకి రిపోర్ట్ పంపాలని మీకు తెలుసు, పంపకపోతే మూడు నెలలకోసారి 500 డాలర్ల ఫైన్ అనీ తెలుసు. నేను చెప్పేది పంపాక వచ్చే తలనొప్పుల గురించి.

స్కోర్ దగ్గర ఎన్/ఏ అని వస్తోంది

దయచేసి ముందు డిసెంబర్ బిల్లు చూడండి. ప్రతి ఏడూ ఇదే చెప్తున్నా. బిల్లు డిసెంబర్ 18కి ఆగిపోతే పోర్ట్‌ఫోలియో మేనేజర్ (మీ వాడకం ఎక్కిస్తే, బిల్డింగ్ ఎంత పొదుపుగా ఉందో 100కి స్కోర్ ఇచ్చే వెబ్‌సైట్) లెక్కలో 12 నెలలు నిండనట్టే, ఇక స్కోర్ ఎక్కణ్ణుంచి వస్తుంది? జనవరిలో వచ్చే బిల్లు కూడా ఎక్కించండి. అయినా రాకపోతే కొత్తగా పెట్టిన మీటర్‌ని బిల్డింగ్ మొత్తం లెక్కలో కలిపే టిక్కు ఉందా లేదా చూడండి.

పంపాం, సిటీ మాత్రం అందలేదంటోంది

బీబీఎల్ చూడండి, అంటే బరో-బ్లాక్-లాట్ కలిపి సిటీ బిల్డింగ్‌కి ఇచ్చే నంబర్. బరోకి (సిటీలోని ఐదు భాగాల్లో ఒకటి) 1 అంకె, బ్లాక్‌కి 5, లాట్‌కి 4, మధ్యలో సున్నాలతో సహా మొత్తం 10. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ఉన్నది మాన్‌హట్టన్, దాని అంకె 1; బ్లాక్ 835, లాట్ 41, కాబట్టి 1008350041. కాండో (ఫ్లాట్లకి విడివిడిగా ఓనర్లున్న బిల్డింగ్) అయితే ఫ్లాట్ లాట్ కాదు, 75తో మొదలయ్యే బిల్లింగ్ లాట్ వెయ్యాలి.

తప్పు సరిచేశాం, గ్రేడ్ మాత్రం పాత అంకెల మీదే వచ్చింది

నన్ను ముంచింది ఇదే. ఒక బిల్డింగ్‌లో గ్యాస్ బిల్లు థర్మ్‌లలో (గ్యాస్ ఇచ్చే వేడి కొలత) ఉంటే మీటర్ యూనిట్ వెయ్యి ఘనపుటడుగులని పెట్టేశారు, వాడకం పది రెట్లు కనిపించి స్కోర్ 3 వచ్చింది. యూనిట్ మార్చా, స్క్రీన్ మీద 74 చూపించింది, హమ్మయ్య అనుకుని సెండ్ కొట్టేశా. అక్టోబర్‌లో, ఆ స్కోర్ బట్టి సిటీ ఇచ్చే గ్రేడ్ చూస్తే డి! ఆ గ్రేడ్ కాగితం ఏడాది పాటు మెయిన్ డోర్ పక్కనే ఉంది, వచ్చేపోయే వాళ్ళందరూ చూశారు.

జరిగిందేంటంటే, రిపోర్ట్ కోసం సిటీ ఇచ్చే లింక్ తెరిచి రెస్పాన్స్ ప్రివ్యూ (పంపబోయే రిపోర్ట్ నకలు) జనరేట్ చేసిన క్షణంలో ఏ అంకెలున్నాయో అవే అందులో ఉండిపోతాయి, ఆ తర్వాత మీటర్‌లో ఎన్ని సరిచేసినా ఆ ప్రివ్యూ మారదు, నేను పంపింది సరిచెయ్యకముందు తీసిన ప్రివ్యూ. మీటర్ పేజీలో స్కోర్ బాగుంది కాబట్టి అనుమానం కూడా రాదు. అందుకే ఏది మార్చినా ప్రివ్యూ మళ్ళీ జనరేట్ చేసి పంపండి, పంపాక కన్ఫర్మేషన్ మెయిల్‌తో వచ్చే ఫైల్ తెరిచి స్కోర్, వాడకం మీ స్క్రీన్‌తో పోల్చండి. రెండు నిమిషాల పని. మే 1 లోపే తెలిస్తే మళ్ళీ పంపుకోవచ్చు.

రెండు బిల్డింగ్‌లకి ఒకే బాయిలర్, ఏడాది మధ్యలో ఓనర్ మారడం లాంటివి అరుదు, సిటీ హెల్ప్ సెంటర్‌కి రాయండి చాలు.

ఆడిట్ గడువు దాటిందని నోటీస్

లోకల్ లా 87 అనే ఇంకో చట్టం కింద ఎనర్జీ ఆడిట్ (బిల్డింగ్ ఎనర్జీ వాడకం తనిఖీ) 50,000 చదరపుటడుగులు దాటిన వాటికి పదేళ్ళకోసారి. ఏ ఏడాదో చెప్పేది బ్లాక్ చివరి అంకె, బీబీఎల్ చివరి అంకె కాదు. పై ఉదాహరణలో బ్లాక్ 835 కాబట్టి 2025. చివర్లో 1 ఉందని 2031 దాకా ఆగితే మొదటి ఏడాదికి 3,000, ఆపైన ఏడాదికి 5,000 డాలర్ల ఫైన్.