పెద్ద సంఖ్యలతో చనువు – 4వ పాఠం: మెహదీపట్నం దగ్గర ఆగిపోయాం

ఈ వారం కారణాంకాలు లెక్కపెట్టడం మొదలుపెడదామనుకున్నాను. మెహదీపట్నం కదలనివ్వలేదు.

పోయిన పాఠం చివర ఆ పేట పిన్‌కోడ్ 500028 ఇచ్చి, 24తో నిశ్శేషంగా పోతుందా అని అడిగాను. జవాబులు చాలావరకు ఒకే అచ్చు: "చివర 28 ఉంది, 4తో పోతుంది. సరిసంఖ్య, పైగా అంకెల మొత్తం 15, కాబట్టి 6తోనూ పోతుంది. నాలుగార్లు ఇరవైనాలుగు. పోతుంది సార్!"

పోదు. భాగించి చూడండి, 12 మిగులుతుంది.

ఇరానీ హోటల్లో ఇద్దరు కూర్చున్నారు. "వందుంది" అన్నాడొకడు. "నాకూ కనిపిస్తోంది వంద" అన్నాడు రెండోవాడు. రెండు వందలున్నాయన్న ధీమాతో చాయ్ మీద చాయ్ చెప్పారు. గల్లా దగ్గరికెళ్ళాక తేలింది, ఇద్దరూ చూసింది టేబుల్ మీదున్న ఒకే నోటు. 4లో రెండు 2లు; 6లో ఒక 2, ఒక 3. 6 చూపించే ఆ 2, 4 ఇదివరకే చూపించినదే కావచ్చు. 500028ని విప్పితే 2 × 2 × 3 × 41669. ఆ చివరిది బేసి. అంటే ఉన్న 2లు రెండే, 24కి మూడు కావాలి.

ఆరంకెలు చూసి కళ్ళు తిరిగితే 12నే తీసుకోండి. 4తో పోతుంది, 6తో పోతుంది. 24తో? 30 తీసుకోండి: 6, 10 రెంటితోనూ పోతుంది, 60తో పోదు. 18: 6తో సరే, 9తో సరే, 54తో? 36ని 12, 18 రెండూ భాగిస్తాయి. వాటి లబ్ధం 216! ఉమ్మడి కారణాంకం లేని జతనే గుణించాలి. 24కైతే 3, 8. ఉమ్మడి ఉంటే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) వరకే హామీ, 4, 6లకు అది 12.

ఇప్పుడు అమీర్‌పేట, 500016. చివర 016, 8తో పోతుంది. అంకెల మొత్తం 12, 3తో పోతుంది. కాబట్టి 24తో పోతుంది, కోచింగ్ సెంటర్ల పేట కదా మరి. 11తో పోతుందో చూసే పరీక్ష మీకు వచ్చు, దానితోనూ పోతుంది. మొత్తం విప్పితే 2⁴ × 3 × 11 × 947. ఘాతాంకాలకు తలా ఒకటి కలిపి గుణించండి: 5 × 2 × 2 × 2 = 40 కారణాంకాలు. ఈ వారం అసలు పాఠం ఇదే, అయిపోయింది.

7తో పోతుందో చూడడానికి పుస్తకాల్లో ఉండే సూత్రం నాకు నచ్చదు. 500000ని 7తో భాగిస్తే 4 మిగులుతుంది. కాబట్టి 500తో మొదలయ్యే పిన్‌కోడ్ దేనికైనా చివరి మూడంకెలకు 4 కలిపి చూస్తే చాలు. సికింద్రాబాద్ 500003: 3 + 4 = 7. పోతుంది.

అభ్యాసం: ఆబిడ్స్ 500001ని 3తో భాగిస్తే 166667. అది ప్రధాన సంఖ్యేనా? 409 వర్గం 167281 కనుక 401 దాకా ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. మొత్తం 79. కాలిక్యులేటర్ ముట్టుకోకండి.