సముద్రపు అడుగున మీథేన్ ఊట కట్టిన రాయిని చదవడం ఎలా?

సముద్రపు అడుగున చల్లని ఊటల (బురదలోంచి మీథేన్ ఊరి బయటికొచ్చే చోట్ల) దగ్గర ఏర్పడే సున్నపురాయి ఒక్కసారే పుట్టదు. విడతలు విడతలుగా పేరుకుంటుంది. ఆ విడతలను వేరు చేయకుండా రాయి మొత్తాన్ని నూరి ల్యాబ్‌కు పంపితే వచ్చే కార్బన్ అంకె ఎందుకూ పనికిరాదు. ఇలా పాడైపోయిన మంచి నమూనాలు చాలా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేర్చుకోవడానికి మంచి చోటు అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని ప్యూబ్లో దగ్గరున్న టీపీ బ్యూట్స్. మైదానంలో అక్కడక్కడా శంకువుల్లా లేచిన చిన్న గుట్టలు. అక్కడి ఆదివాసుల టీపీ గుడారాల్లా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. గిల్బర్ట్, గలివర్ 1895లోనే వీటి గురించి రాశారు. సుమారు 7.5 కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేది. మెత్తని షేల్ (బురద గట్టిపడిన రాయి) వానకూ గాలికీ కొట్టుకుపోగా, మధ్యలోని గట్టి సున్నపురాయి మిగిలింది.

ఆ గట్టిదనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిశాకే సుత్తి పట్టుకోండి. బురదలోంచి మీథేన్ పైకి వస్తుంది, సముద్రపు నీటిలోని సల్ఫేట్ కిందికి దిగుతుంది. రెండూ కలిసే చోట ఆక్సిజన్ లేకుండా బతికే సూక్ష్మజీవులు గుంపు కట్టి ఉంటాయి. వాటిలో ఆర్కియా అనే సూక్ష్మజీవి మీథేన్‌ను విడగొడుతుంది, దాని పక్కనే ఉన్న బ్యాక్టీరియా సల్ఫేట్‌ను వాడుకుంటుంది. అమెరికాలోని ఒరెగాన్ తీరానికి అవతల హైడ్రేట్ రిడ్జ్ బురదలో ఈ గుంపులను గుర్తించిన సంగతి 2000లో అచ్చయింది. వీటి పని వల్ల బైకార్బనేట్ పెరుగుతుంది, అది నీటిలోని కాల్షియంతో కలిసి రాయిగా మారుతుంది. దాంతోపాటు పుట్టే సల్ఫైడ్‌లో కొంత ఇనుముతో కలిసి పైరైట్ అవుతుంది. ఇంకొంత లూసినిడ్ ఆల్చిప్పల మొప్పల్లోని బ్యాక్టీరియాకు అందుతుంది, ఆ బ్యాక్టీరియాయే ఆల్చిప్పను పోషిస్తుంది.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. సుత్తి, కళ్లద్దాలు, చేతి లెన్సు, పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్, మార్కర్, సంచులు చాలు. స్థలం ఎవరిదో కనుక్కుని అనుమతి తీసుకోండి. గుట్ట నడిబొడ్డు నుంచి పిడికిలంత రాయి తీసుకుని, కొట్టే ముందే పైవైపు ఎటో బాణం గీయండి. ఆ బాణం లేని రాయిని నేను ల్యాబ్‌లోకి రానివ్వను.

ఆల్చిప్పలు గుత్తులుగా కనిపించగానే చాలామంది ‘ఇది మీథేన్ ఊటే’ అని తేల్చేస్తారు. అది తప్పు. లూసినిడ్‌లు సముద్రపు గడ్డి మొలిచే బురదలోనూ, మడ అడవుల్లోనూ బతుకుతాయి. శిలాజం అనుమానం పుట్టిస్తుంది, అంతవరకే. రుజువు రాయిలోని కార్బన్‌లో ఉంటుంది. మీథేన్‌లో కార్బన్-13 అనే బరువైన రకం కార్బన్ చాలా తక్కువ, దాన్నుంచి కట్టిన రాయిలోనూ అది తక్కువే.

రాయిని నిలువుగా రెండుగా కోయించండి. ఒక సగం నుంచి మైక్రోస్కోపు కింద చూసే పలుచని స్లైడు చేయించండి, రెండో సగాన్ని నున్నని పలకగా పాలిష్ పట్టండి. రెండు ముఖాలూ అద్దంలో బొమ్మల్లా సరిపోతాయి కాబట్టి, స్లైడులో చూసింది పలక మీద ఎక్కడుందో ఇట్టే దొరుకుతుంది.

ఇక అందరూ పాడుచేసే పని డ్రిల్లింగ్. పలక మీద కనీసం మూడు రకాల పదార్థం ఉంటుంది. ముద్దలు ముద్దలుగా, నల్లగా కనిపించే మైక్రైట్ (సన్నటి పలుకుల సున్నపు పదార్థం) మొదట కట్టింది. ఖాళీల గోడలకు పీచులా అంటుకున్న అరగొనైట్, లేదా అది మారిన కాల్సైట్, తర్వాతది (రెండూ కాల్షియం కార్బొనేట్ ఖనిజాలే). ఖాళీల నడిమధ్య తెల్లగా మెరిసే పెద్ద పలుకుల స్పార్ చివరిది. రాయి పూడిపోయాక, ఊట ఆగిపోయి ఎన్నో ఏళ్లయ్యాక కూడా అది పేరుకుని ఉండొచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక ప్రామాణిక నమూనాతో పోలిస్తే కార్బన్-13 వెయ్యికి ఎంత తక్కువో మైనస్ అంకె చెబుతుంది. మైక్రైట్ కార్బన్-13 విలువ వెయ్యికి -40, స్పార్ విలువ -8 అనుకుందాం. రెండూ సమానంగా కలిసిన పొడి -24 చూపిస్తుంది. బురదలోని మామూలు సేంద్రియ పదార్థం కుళ్లినా అంకె ఆ దరిదాపుల్లోనే వస్తుంది. చేతిలో మీథేన్ రుజువు ఉండగానే పోగొట్టుకున్నట్టే.

అందుకే అర మిల్లీమీటరు ములుకు వాడండి, అంతకన్నా లావుది వద్దు. డెంటల్ డ్రిల్‌ను బాగా నెమ్మదిగా తిప్పండి. వేగం పెరిగితే వేడికి అరగొనైట్ కాల్సైట్‌గా మారుతుంది, ఆక్సిజన్ ఐసోటోపుల విలువ కూడా మారుతుంది. లోతుకు పోవద్దు, ఎందుకంటే పైన మైక్రైట్ కనిపించినా ఒక మిల్లీమీటరు కింద స్పార్ ఉండొచ్చు. మిల్లీగ్రాము పొడి కూడా అవసరం లేదు. డ్రిల్ చేసే ప్రతి చుక్కకూ ముందు ములుకును యాసిడ్‌లో ముంచి, కడిగి, ఆరబెట్టండి. ఎప్పుడూ మైక్రైట్‌తోనే మొదలుపెట్టండి. చెయ్యి తాజాగా ఉన్నప్పుడే ముఖ్యమైన పని అయిపోవాలి.

ఆల్చిప్ప గుల్లను డ్రిల్ చేసి, విలువ సున్నా దగ్గర వచ్చిందని ఊట లేదనుకోకండి. గుల్లకు కావలసిన కార్బన్‌ను ఆ జీవి ఎక్కువగా సముద్రపు నీటి నుంచే తీసుకుంటుంది. దాని లోపల నిండి గట్టిపడిన బురదను అడగండి, అది నిజం చెబుతుంది.

ఫలితాలు వచ్చాక ఏ చుక్క ఏ విడతదో చూసుకుంటూ వరుసగా రాయండి. మామూలు సముద్రపు సున్నపురాయి సున్నా చుట్టుపక్కల ఉంటుంది. మొదటి విడత -30 కంటే బాగా కిందికి దిగితే అది మీథేన్ పనే. టీపీ బ్యూట్స్‌లో -40 కంటే తక్కువ విలువలు వచ్చాయి. కొందరు నేరుగా ఆర్కియా వదిలిన కొవ్వు పదార్థాల కోసం వెతుకుతారు. అది గట్టి రుజువే, కానీ ఖర్చెక్కువ, రాయి కూడా ఎక్కువ కావాలి. నా దృష్టిలో విడతలు వేరు చేశాకే దాని జోలికి వెళ్లాలి.

ఇది చదివే ఆంధ్ర విద్యార్థులకు దగ్గరి ఉదాహరణ కృష్ణా-గోదావరి బేసిన్. 2006లో అక్కడి సముద్రపు అడుగున తవ్వి మందపాటి గ్యాస్ హైడ్రేట్ (మీథేన్, నీరు కలిసి మంచులా గడ్డకట్టిన పదార్థం) పొరను కనుక్కున్నారు. అదే బేసిన్‌లో తీసిన కోర్లలో (గొట్టంతో నిలువుగా తీసిన బురద నమూనాల్లో) మీథేన్ నుంచి పుట్టిన కార్బొనేట్ గడ్డలు, ఊటల దగ్గర బతికే కాలిప్టోజెనా ఆల్చిప్పల గుల్లలు కూడా దొరికాయి. అలాంటి గడ్డ చేతికొస్తే తొందరపడి మొత్తం డ్రిల్ చేయకండి. సగం పలక కదపకుండా డబ్బాలో పెట్టి, దాని మీద పైవైపు బాణం, కోర్ లోతు, తేదీ రాసి దాచండి.