జిల్లా అంకెను గళ్లలోకి దించడం: జనాభా పటాలు, మూడో పాఠం

పోయిన పాఠంలో 2011 జనగణన అంకెలు తీసుకుని క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్‌లో అప్పటి కృష్ణా జిల్లాకు రంగు వేశాం. 45,17,398 మంది, 8,727 చదరపు కిలోమీటర్లు, సగటున చదరపు కిలోమీటరుకు 518 మంది. పటం చూడ్డానికి బాగానే వచ్చింది. కాకపోతే అందులో విజయవాడ వన్‌టౌన్‌కూ 518, కొల్లేటి నీళ్లకూ 518, దివిసీమ చివరి మడ అడవులకూ 518. ఈ పాఠంలో ఆ జనాన్ని వాళ్లుండే చోటికి చేరుద్దాం.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఉపగ్రహానికి మనుషులు కనపడరు. ఇంటి కప్పులు, రోడ్లు, నీళ్లు, పొలాలు, రాత్రిపూట దీపాలు కనపడతాయి. ఎంతమంది ఉన్నారన్నది జనగణన చెబుతుంది, వాళ్లను ఎక్కడెక్కడ పంచాలో ఉపగ్రహ చిత్రం చెబుతుంది. "శాటిలైట్‌తో జనాభా లెక్కించారు" అని ఎవరైనా రాస్తే, లెక్క ఏ ఏడాదిది, ఏ స్థాయిది అని ముందు అడగండి. మన దగ్గర ఆ లెక్క 2011దే. 2021లో జరగాల్సింది వాయిదా పడి, కొత్త జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఈలోగా మీరు చూసే ప్రతి కొత్త పటం కింద 2011 అంకెలో, వాటి నుంచి వేసిన అంచనాలో ఉంటాయి.

పద్ధతి పాతదే. 1936లో జాన్ రైట్ అనే భౌగోళిక శాస్త్రవేత్త అమెరికాలోని కేప్ కాడ్ పటంలో, స్థలాకృతి పటాలు చూసి జనం లేని చోట్లను పక్కన పెట్టి, మిగిలిన నేల మీద జనాభాను పంచాడు. ఎలా పంచినా మొత్తం మారకూడదన్న షరతును గణితంగా పెట్టింది వాల్డో టోబ్లర్, 1979లో. 1995లో ప్రపంచం మొత్తానికి తొలి గళ్ల జనాభా పటం తెచ్చిన బృందంలోనూ ఆయన ఉన్నాడు. ఉమ్మడి ఆస్తి పంపకంలాగే ఇక్కడా ఎవరి వాటా ఎంతైనా మొత్తం మొత్తమే. ఆ షరతు తప్పితే మీ పటం చెత్తబుట్టకే.

ముందు కాగితం మీద

కంప్యూటర్ జోలికి పోకుండా ఒక లెక్క చేద్దాం. కొల్లేటి గట్టున ఒక మండలం ఉందనుకోండి. అంకెలు నేను వేసుకున్నవే, లెక్క తేలిగ్గా రావాలని. జనాభా 60,000, వైశాల్యం 150 చదరపు కిలోమీటర్లు. వంద మీటర్ల గళ్లు గీస్తే 15,000 గళ్లు. సమానంగా పంచితే గడికి నలుగురు, చేపల చెరువు మధ్యలో కూడా.

ఇప్పుడు చిత్రం చూసి గళ్లను విడదీశాం. నీళ్లూ చెరువులూ 3,000, పొలాలు 11,000, పల్లెలు 800, టౌను 200. ఒక్కో రకానికి వెయిటేజీ ఇద్దాం: నీళ్లకు 0, పొలాలకు 0, పల్లె గడికి 1, టౌను గడికి 2. సూత్రం ఇదీ: గడి జనాభా = మండల జనాభా × ఆ గడి వెయిటేజీ ÷ మండలంలోని వెయిటేజీలన్నిటి మొత్తం.

వెయిటేజీల మొత్తం 800 + 400 = 1,200. కాబట్టి పల్లె గడికి 50 మంది, టౌను గడికి 100 మంది. పల్లెల్లో 40,000, టౌనులో 20,000. కూడితే 60,000. సరిపోయింది.

ఇక్కడ ఎవరో ఒకరు, "పొలాల్లో మోటారు షెడ్డుల దగ్గర, చెరువు గట్ల మీద కాపలావాళ్లు ఉంటారు కదండీ, బొత్తిగా సున్నా ఏంటి?" అంటారు. న్యాయమే. పొలం గడికి పోనీలే అని 0.02 ఇద్దాం. ఏమంత లెక్కలోది అనిపిస్తుంది. కానీ పొలం గళ్లు 11,000 ఉన్నాయి. వాటి వెయిటేజీ మొత్తం 220 అయింది, మండలానిది 1,420కి పెరిగింది. పల్లె గడి 50 నుంచి 42కి పడిపోయింది, పొలాల్లోకి దాదాపు 9,300 మంది నడిచి వెళ్లిపోయారు. మండలంలో ప్రతి ఆరుగురిలో ఒకరు పొలంలో కాపురం అన్నమాట! చిన్న వెయిటేజీ పెద్ద విస్తీర్ణం మీద పడితే ఇంత పని చేస్తుంది. ఈ లెక్కను నోటుబుక్కులో మీ చేత్తో ఒకసారి చేయండి. 0.02ని 0.005 చేసి మళ్లీ చేయండి.

సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్ల వరల్డ్‌పాప్ పటాలు రెండు రకాలుగా దొరుకుతాయి. ఒకదానిలో కట్టడాలున్న గళ్లకే జనాన్ని పంచుతారు, రెండోదానిలో నేలంతటికీ ఎంతో కొంత వేస్తారు. రెండూ ఒకే దేశానివి, ఒకే ఏడాదివి అయినా పల్లెల దగ్గర ఎందుకు తేడాగా కనపడతాయో పై లెక్క చేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక క్యూజీఐఎస్‌లో

గళ్లను పల్లె, టౌను అని విడదీయడం కంటే ఒక్కో గడిలో ఎంత ఇంటికప్పు ఉందో అదే వెయిటేజీగా పెట్టుకోవడం మేలు. ఉపగ్రహ చిత్రాల్లో గుర్తించిన కట్టడాల జాబితా, గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ డేటా ఉచితం, మన ప్రాంతానికీ ఉంది. ఫైళ్లు పెద్దవి, మంచి నెట్ ఉన్నప్పుడు దించుకోండి. ప్రతి కట్టడానికీ అక్షాంశం, రేఖాంశం, చదరపు మీటర్లలో వైశాల్యం, అది నిజంగా కట్టడమే అన్న నమ్మకానికి ఒక స్కోరు ఉంటాయి. స్కోరు 0.65 నుంచి మొదలవుతుంది. నేనైతే 0.7 కింద ఉన్నవి వదిలేస్తాను.

ఫైలును డిలిమిటెడ్ టెక్స్ట్ లేయర్‌గా తెరిస్తే చుక్కలు వస్తాయి. వాటిని మండలం సరిహద్దుతో క్లిప్ చేయండి. చేయకపోతే పక్క మండలం ఇళ్లు మన వాటా తినేస్తాయి. తర్వాత ప్రొజెక్షన్‌ను (గుండ్రటి భూమిని చదును పటంగా పరిచే పద్ధతి) మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర జోన్‌కు మార్చండి, లేకపోతే వంద మీటర్లంటే ఏమిటో సాఫ్ట్‌వేర్‌కు తెలీదు. అనంతపురం, ఆదోని వైపు వాళ్లకు 43 వాడాలి, 78 డిగ్రీల రేఖాంశం దగ్గర జోన్ మారుతుంది. క్రియేట్ గ్రిడ్‌తో వంద మీటర్ల చదరాలు గీయండి. జాయిన్ అట్రిబ్యూట్స్ బై లొకేషన్ సమరీతో ఒక్కో చదరంలోకి కట్టడాల వైశాల్యాల మొత్తం తెచ్చుకోండి. ఇళ్లు లేని గళ్లలో నల్ (ఖాళీ) అని వస్తుంది, దాన్ని సున్నా చేయండి. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో పై సూత్రం రాయండి. చివర ఆ కాలమ్ మొత్తం కూడి చూడండి, మండల జనాభాకు సరిపోవాలి.

సరిపోయింది కదా అని అక్కడే ఆగకండి. మొత్తం కరెక్టుగా ఉండి, పంపకం ఘోరంగా ఉండొచ్చు.

జనం ఎక్కువగా వచ్చిన ఇరవై గళ్లను ఎంచి, ఒక్కోదాన్నీ ఉపగ్రహ చిత్రం మీద దగ్గరగా చూడండి. ఊరి బయట, పొలాల మధ్య, సన్నగా పొడుగ్గా రెండు మూడు కప్పులు పక్కపక్కనే ఉన్నాయా? వెడల్పు ముప్పై నలభై అడుగులే ఉండి, పొడవు అంతకు ఎన్నో రెట్లు ఉందా? అన్నీ తూర్పు పడమరలుగా ఉన్నాయా? అవి కోళ్ల ఫారాలు. ఎండ నేరుగా లోపల పడకూడదని అలా కడతారు. మీ లెక్కలో ఆ కోళ్లన్నీ మనుషులైపోయాయి. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు, గోదావరి జిల్లాల్లో రైసు మిల్లులు ఇలాంటివే. పల్లె ప్రాంతంలో వెయ్యి చదరపు మీటర్లు దాటిన కట్టడాలను విడిగా తీసి, చూసి, ఇల్లు కానివి తొలగించండి. గుడ్డిగా అన్నీ తీసేయకండి, హాస్టళ్లు కూడా వాటిలోనే ఉంటాయి.

రెండో వైపు చిన్న కట్టడాలు. చెరువు గట్ల మీద మేత షెడ్డులు తీసేద్దామని ఇరవై చదరపు మీటర్ల లోపువన్నీ ఎగరగొట్టాలనిపిస్తుంది. వద్దు. మొదట ఎగిరిపోయేది పేదవాళ్ల ఇళ్లే. తాటాకు కప్పులూ చెట్ల కింద ఇళ్లూ చిత్రంలో ముందే సరిగ్గా దొరకవు, దొరికిన నాలుగూ మనమే తీసేస్తే ఆ పేట పటంలోనే ఉండదు. నా ఓటు మాత్రం, షెడ్డు ఒకటి పొరపాటున మిగిలినా ఇల్లు పోకూడదనే.

కొల్లేరు విషయంలో ఇంకొకటి. 1999లో ప్రకటించిన అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు, ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తును చూపే గీత) వరకు. అభయారణ్యమే కదా అని ఆ సరిహద్దు మొత్తానికి సున్నా వేశారంటే కొల్లేటికోట లాంటి లంక గ్రామాలు పటంలో మునిగిపోతాయి. చట్టం గీసిన గీత వేరు, జనం ఉండే చోటు వేరు.

కప్పు వైశాల్యానికి అంతస్తులు తెలియవు. బెంజి సర్కిల్ దగ్గరి అయిదంతస్తుల అపార్టుమెంటూ పల్లెలో పెంకుటిల్లూ ఒకే వైశాల్యమైతే ఒకే వాటా. మండలంలో పెద్దగా తేడా రాదు కానీ నగరానికి చేసేటప్పుడు ఎత్తుతో గుణించక తప్పదు. కాలం తేడా కూడా ఉంది. కట్టడాలు ఇటీవలివి, జనాభా 2011ది. గుంటూరు జిల్లాకు ఇలాగే చేస్తే 2016లో కట్టిన వెలగపూడి సచివాలయానికి 2011 జనంలో వాటా వస్తుంది! సరిహద్దులు కూడా 2011వే వాడాలి. తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో జిల్లాలు మారాయి. కొత్త గీతల మీద పాత అంకెలు అతికిస్తే ఏ కూడికా కలవదు.

రెడీమేడ్ పటాలు వాడేవాళ్లకు రెండు ముక్కలు. ఫైలులో ఉన్నది గడికి ఎంతమంది అన్న లెక్కా, చదరపు కిలోమీటరుకు ఎంతమంది అన్న సాంద్రతా అన్నది ముందు చూసుకోండి. లెక్క ఉన్న రాస్టర్‌ను, అంటే గళ్ల పటం ఫైలును, రీప్రొజెక్ట్ చేస్తే (వేరే ప్రొజెక్షన్‌లోకి మారిస్తే) మొత్తం మారిపోతుంది, అందుకే గ్రామ సరిహద్దునే రాస్టర్ ప్రొజెక్షన్‌లోకి మార్చి జోనల్ స్టాటిస్టిక్స్‌తో కూడండి. డేటా లేని గళ్లకు -200, -99999 లాంటి అంకెలు వేసి ఉంటారు, వాటిని నోడేటాగా గుర్తించకపోతే ఊరి జనాభా మైనస్‌లో వస్తుంది.

ఏ పటం వాడాలన్నది ప్రశ్నను బట్టి ఉంటుంది. యూరోపియన్ కమిషన్ వాళ్ల జీహెచ్‌ఎస్-పాప్, వరల్డ్‌పాప్ జనం నివసించే చోటు చెబుతాయి. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల ల్యాండ్‌స్కాన్ దాదాపు కిలోమీటరు గడిలో, 24 గంటల సగటున ఎంతమంది ఉంటారో చెబుతుంది. మాదాపూర్‌లో పగలు పనిచేసేవాళ్లు దానిలో కొంత కనపడతారు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకైంది తెల్లవారుజామున, అందరూ ఇళ్లలో నిద్రపోతుండగా. అలాంటి ప్రమాదానికి చుట్టూ ఎంతమంది అని లెక్కకట్టాలంటే నివాస పటమే కావాలి. మధ్యాహ్నం జరిగే ప్రమాదానికి అదే పటం తప్పుదారి పట్టిస్తుంది.

ఈ వారం పని: మీ సొంత మండలానికి పై లెక్కంతా చేయండి. తర్వాత 2011 ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ (జనగణన ప్రాథమిక పట్టిక)లో గ్రామాలవారీ జనాభా తీసుకుని, ఒక పెద్ద ఊరు, టౌను అంచున ఉన్న ఒక ఊరు, విసిరేసినట్టున్న ఒక తండా లేదా లంక, ఈ మూడింటికీ మీ గళ్ల మొత్తాన్ని పక్కన పెట్టి చూడండి. తేడా ఎంత శాతమో, ఏ వైపో రాసుకోండి. తేడాలను సరిచేయకుండా అలాగే ఉంచండి, నాలుగో పాఠం వాటితోనే మొదలవుతుంది.