టైప్ 2 షుగర్: కంచంలో ఏం మార్చాలి, ఎప్పుడు నడవాలి

రిపోర్టులో షుగర్ ఉందని తేలిన మొదటి వారం దాదాపు అందరం ఒకే పని చేస్తాం. అన్నం మానేస్తాం, టీలో చక్కెర మానేస్తాం, ఎవరో చెప్పిన పొడి ఏదో తెచ్చుకుంటాం, తెల్లారకముందే లేచి గంటసేపు చెమటలు కక్కుతూ నడుస్తాం. మూడో వారానికి నీరసం వచ్చి, ఆకలి ఆగక, అన్నీ ఒకేసారి వదిలేస్తాం. నేనూ అదే చేశాను. అసలు నా ఒంట్లో దేనికి ఎంత పెరుగుతోందో చూసుకోకుండానే ఊళ్లో వాళ్ల జాబితాలన్నీ నెత్తికెత్తుకున్నానని ఆలస్యంగా అర్థమైంది. కాబట్టి ఏదైనా మానేసే ముందు ఒక గ్లూకోమీటర్ (ఇంట్లోనే స్ట్రిప్పు మీద రక్తపు చుక్క వేసి షుగర్ చూసుకునే మీటర్) దగ్గర పెట్టుకోండి.

చాలామంది పెద్దవాళ్లకు డాక్టర్లు పెట్టే గురి ఇది: పరగడుపున 80 నుంచి 130, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు 180 లోపు, హెచ్‌బీఏ1సీ 7 శాతం లోపు. బాగా వయసు మీదపడ్డవాళ్లకు, తరచూ షుగర్ పడిపోయేవాళ్లకు కొంచెం సడలిస్తారు, మీ గురి ఎంతో మీ డాక్టర్‌నే అడగండి. (మీ మీటర్ 7, 8 లాంటి చిన్న అంకెలు చూపిస్తుంటే అది మిల్లీమోల్స్ లెక్క, 18తో గుణిస్తే ఇక్కడి అంకె వస్తుంది.) హెచ్‌బీఏ1సీ అనేది సుమారు మూడు నెలల సగటు, 7 శాతం అంటే సగటున 154 అన్నమాట. సగటు కదా, మధ్యాహ్నం 260కి ఎక్కి రాత్రి 60కి దిగేవాళ్లకు కూడా చూడ్డానికి బాగానే కనిపించొచ్చు. రక్తహీనత ఉంటే అది తప్పు చూపించే అవకాశం కూడా ఉంది.

ఇప్పుడు ఒక వారం పాటు తిండి ఏమీ మార్చకండి. రోజూ తినే భోజనమే తినండి, కాకపోతే మొదటి ముద్దకి ముందు ఒకసారి, అక్కడి నుంచి రెండు గంటలకు ఒకసారి చూసి, పక్కన ఏం తిన్నారో, ఎంత తిన్నారో రాసుకోండి. ఈ రెండు అంకెల మధ్య తేడా మీ శరీరం చెప్పే మాట. తేడా 50 దాటితే ఆ కంచంలో ఏదో ఒకటి తగ్గించాలని నా వరకు నేను నియమం పెట్టుకున్నాను. స్ట్రిప్పులు వృథా అనిపిస్తే రోజుకి ఒక్క పూటే చూడండి, వారంలో అన్ని పూటలూ ఒకసారైనా వచ్చేలా.

సూది గుచ్చుకునే ముందు చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఇది పైపైన చెప్పే జాగ్రత్త కాదు. ఒకసారి నారింజ తొనలు ఒలిచిన చేత్తోనే గుచ్చుకుంటే మీటర్ 271 అంది, గుండె ఆగినంత పనైంది. చేతులు కడుక్కుని మళ్లీ చూస్తే 148. వేలి మీద అంటుకున్న పండు రసంలోని చక్కెరే మొదటి చుక్కలో కలిసిపోయింది. గుచ్చేది వేలి కొన మధ్యలో కాదు, పక్కన, అక్కడ నొప్పి తక్కువ. రోజుకో వేలు మార్చండి.

వారం అంకెలు చూస్తే చాలామందిని తికమక పెట్టేది పొద్దుటి రీడింగే. రాత్రి ఏమీ తినకుండా పడుకున్నా 150 ఎలా వచ్చింది అని. లివర్ తన దగ్గర దాచుకున్న గ్లూకోజ్‌ని రాత్రంతా రక్తంలోకి వదులుతూ ఉంటుంది, తెల్లవారుజామున కొన్ని హార్మోన్లు దాన్ని ఇంకాస్త ఎగదోస్తాయి. మామూలుగా అయితే ఇన్సులిన్ (రక్తంలోని షుగర్‌ని అదుపులో ఉంచే హార్మోన్) ఇక చాలు అని ఆపాలి, టైప్ 2లో లివర్, కండరాలు దాని మాట సరిగ్గా వినవు. కాబట్టి ఈ అంకెకి భయపడి రాత్రి భోజనం ఎగ్గొట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, పైగా కొన్ని మందులు వేసుకుంటున్నవాళ్లకు అది ప్రమాదం కూడా.

ఇక కంచం. తొమ్మిది అంగుళాల పళ్లెం తీసుకోండి, అంతకంటే పెద్దది వద్దు. సగం కూరగాయలు, ఆకుకూరలు. బంగాళాదుంప, మొక్కజొన్న ఈ సగంలోకి రావు, అవి అన్నం జట్టు. పావు వంతు ప్రొటీన్: పప్పు, గుడ్లు, చేప, చికెన్, పెరుగు, మీరు ఏది తింటే అది. మిగిలిన పావులోనే అన్నమో రొట్టో. అన్నం మానేయమని నేను చెప్పను. మానేస్తానని శపథం పట్టి పదిహేను రోజులకి గిన్నెడు తినేయడం కంటే, రోజూ కొలిచిన కప్పు తినడం ఎంతో నయం. వండిన అన్నం ఒక కప్పులో సుమారు 45 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. పాలిష్ పట్టని బియ్యమైనా అంకె దాదాపు అంతే, పీచు కాస్త ఎక్కువ ఉంటుంది, అంతే తేడా. అది చూసి రెండు కప్పులు పెట్టుకుంటే మీటర్ ఊరుకోదు.

తినే వరుస మార్చి చూడండి, ఖర్చు లేని పని. ముందు కూరగాయలు, ప్రొటీన్ తినేసి, అన్నం లేదా రొట్టె చివర్లో తింటే తిన్న తర్వాత షుగర్ ఒక్కసారిగా ఎగబాకడం తగ్గుతుందని పరీక్షించి చూశారు. అన్నీ కలిపి తినే అలవాటున్నవాళ్లకి ఇది వింతగా ఉంటుంది, నిజమే. పూర్తిగా విడదీయలేకపోతే కనీసం సగం కూర ముందు తినేయండి.

తాగే తీపి మాత్రం కొలతలతో కుదిరే వ్యవహారం కాదు, మానేయాల్సిందే. 330 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 35 గ్రాముల చక్కెర, అంటే తొమ్మిది చెంచాల దాకా. పండ్ల రసం ఆరోగ్యం కదా అంటారు గానీ, గ్లాసు రసానికి మూడు నాలుగు నారింజలు పడతాయి. అన్ని పళ్లు కూర్చుని తింటామా? పండుని పండులా కొరికి తినండి, చిన్న ఆపిల్ అయితే ఒకటి, అరటిపండు అయితే సగం. తేనె, గోధుమరంగు చక్కెర లాంటివి చక్కెరకి చుట్టాలే. షుగర్ ఫ్రీ బిస్కెట్లు కొనేటప్పుడు ప్యాకెట్ వెనక మొత్తం కార్బోహైడ్రేట్ ఎంతో చూడండి, చక్కెర లేకపోయినా మైదా ఉంటుంది కదా.

బరువు గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే బరువు ఎక్కువున్నవాళ్లకు అసలు తాళం అక్కడే ఉంది. లివర్‌లో, ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌లో పేరుకున్న కొవ్వు కరిగితే ఇన్సులిన్ పని మళ్లీ మెరుగుపడుతుంది. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పేరుతో ఒక ప్రయోగం చేశారు, మొదటి ఏడాది ఫలితాలు 2017లో వచ్చాయి. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని వాళ్లకు కొన్ని నెలలు రోజుకి సుమారు 850 కేలరీల ద్రవాహారం మాత్రమే ఇచ్చి, తర్వాత మెల్లగా మామూలు తిండికి తెచ్చారు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో 46 శాతం మంది మందులు లేకుండానే షుగర్ గీత కిందికి వచ్చారు; 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవాళ్లలో అయితే 86 శాతం. రెండేళ్లకి మొత్తం మీద ఆ సంఖ్య 36 శాతానికి దిగింది, అంటే నిలబెట్టుకోవడం కూడా అంతే పెద్ద పని. దీన్ని ఉపశమనం అంటారు, నయమైపోవడం కాదు, బరువు తిరిగొస్తే షుగరూ తిరిగొస్తుంది. ఇంట్లో కూర్చుని మీ అంతట మీరు 850 కేలరీలకి దిగకండి, ఆ ప్రయోగంలో వాళ్ల షుగర్, బీపీ మందులు మొదటి రోజే డాక్టర్ల పర్యవేక్షణలో ఆపారు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా మీటర్‌లో తేడా కనిపిస్తుంది, మొదటి గురి అది పెట్టుకోండి.

వ్యాయామం అనగానే పొద్దున్నే లేవాలా అని బెంగ. అక్కర్లేదు, తిన్నాక నడవండి. కండరం కదులుతున్నప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ని లాక్కుంటుంది, అందుకే గ్లూకోజ్ రక్తంలోకి దిగుతున్న వేళ కాళ్లకి పని చెప్పడం లాభం. న్యూజిలాండ్‌లో టైప్ 2 ఉన్నవాళ్ల మీద చేసిన ఒక అధ్యయనంలో, రోజుకి ఎప్పుడో ఒకప్పుడు 30 నిమిషాలు నడిచినప్పటి కంటే, మూడు పూటలా తిన్న వెంటనే పదేసి నిమిషాలు నడిచినప్పుడు తిన్న తర్వాతి షుగర్ సగటున 12 శాతం తక్కువగా ఉంది, రాత్రి భోజనం తర్వాత అయితే 22 శాతం తక్కువ. మొత్తం నడక అదే అరగంట. ఒక రోజు తినేసి సోఫాలో కూర్చుని, మరో రోజు అదే భోజనం చేసి నడిచి, రెండు గంటల రీడింగులు పక్కపక్కన పెట్టి చూసుకోండి, ఎవరి ఉపన్యాసమూ అక్కర్లేదు.

వారం మొత్తానికి 150 నిమిషాలు గురి. వేగం ఎంత అంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఊపిరి చాలకూడదు. ఈ వ్యాయామం ప్రభావం ఒకటి నుంచి మూడు రోజులే నిలుస్తుంది కాబట్టి వరసగా రెండు రోజులకి మించి ఖాళీ వదలకండి, ఆదివారం ఒక్కరోజే మొత్తం కానిచ్చేస్తానంటే కుదరదు. దీనికి తోడు వారానికి రెండు మూడు సార్లు కండరాల వ్యాయామం. జిమ్ లేకపోతే కుర్చీ చాలు: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోబోతున్నట్టు మెల్లగా దిగి సీటు తగలగానే మళ్లీ లేవడం, పదిసార్లు. మొదట్లో ఆరోసారికే తొడలు వణుకుతాయి, అది మంచిదే. గోడకి చేతులు ఆనించి పుష్‌అప్స్ చేయొచ్చు. కూర్చుని చేసే ఉద్యోగమైతే అరగంటకోసారి లేచి రెండు మూడు నిమిషాలు తిరగండి. ఒక్కోసారి బాగా కష్టమైన వ్యాయామం చేశాక చూస్తే షుగర్ పెరిగి కనిపిస్తుంది, టెన్షన్ పడకండి, అది అడ్రినలిన్ పని, కాసేపటికి దిగుతుంది.

ఇప్పుడు మందులు వేసుకుంటున్నవాళ్లు జాగ్రత్తగా చదవాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ తిండి తగ్గించి నడక పెంచితే షుగర్ మరీ పడిపోవచ్చు. మొదలుపెట్టే ముందే డాక్టర్‌కి చెప్పండి, డోసు తగ్గించాల్సి రావొచ్చు, మీ అంతట మీరు మాత్రం ఆపకండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఈ భయం చాలా తక్కువ. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడుతూ పిండి పదార్థం దాదాపు పూర్తిగా మానేస్తే, మీటర్‌లో అంకె మామూలుగా ఉన్నా రక్తంలో ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి రావొచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే వెంటనే ఆస్పత్రికే.

చెమటలు, వణుకు, గుండెదడ, తిక్కతిక్కగా అనిపించడం మొదలైతే మీటర్ చూడండి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల చక్కెర: నీళ్లలో కలిపిన మూడు నాలుగు చెంచాలు, లేదా అర గ్లాసు పండ్ల రసం (దానికి పనికొచ్చే సమయం ఇదొక్కటే). పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసి, పెరగకపోతే మళ్లీ అంతే. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. నడకకి వెళ్లేటప్పుడు జేబులో గ్లూకోజ్ బిళ్లలు ఉంచుకోండి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకూడదని ఇంట్లో వాళ్లకి ముందే చెప్పి పెట్టండి, అంబులెన్స్‌ని పిలవాలి.

పాదాలు రోజూ రాత్రి చూసుకోండి, అరికాళ్లు కనపడకపోతే కింద అద్దం పెట్టుకుని. నరాలు మొద్దుబారితే బొబ్బ లేచినా తెలియదు, అందుకే చెప్పులు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి రాయి ఏదైనా ఉందేమో తడిమి చూడాలి. కళ్లలో రెటినా దెబ్బతిని ఉంటే ఊపిరి బిగబట్టి పెద్ద బరువులు ఎత్తడం ప్రమాదం, కంటి పరీక్ష చేయించుకున్నాకే బరువుల జోలికి వెళ్లండి. నడుస్తుంటే ఛాతీలో పట్టేసినట్టు ఉంటే అక్కడే ఆగిపోయి సాయం పిలవండి.

మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి, వీలైతే అదే ల్యాబ్‌లో. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ రిపోర్టుతో పాటు మీ రీడింగుల పుస్తకం కూడా పట్టుకెళ్లండి, ఏ పూట ఎక్కువగా పెరుగుతోందో ఆ పేజీ మడతపెట్టి.