ఫిల్టర్ పెట్టినా చెత్త మెయిళ్లు ఆగడం లేదా? జీమెయిల్‌లో సమస్యలు, వాటి పరిష్కారాలు

పొద్దున్నే మెయిల్ తెరిస్తే ప్రీ అప్రూవ్డ్ లోన్లు, ఎప్పుడో ఒక చొక్కా కొన్న సైటు నుంచి రోజూ ఆఫర్లు, మనం అడగని ప్లాట్ల ప్రకటనలు. వీటి మధ్య ఇంటర్వ్యూ పిలుపు ఎక్కడో అడుగున పడిపోతుంది. ఫిల్టర్ పెట్టుకోమని అందరూ చెబుతారు. అంటే ఫలానా అడ్రస్ నుంచి గానీ ఫలానా మాటతో గానీ వచ్చే మెయిల్‌ను ఏం చేయాలో ముందే చెప్పిపెట్టడం. పెట్టుకున్నాక కూడా చాలామందికి బాధ తగ్గదు, ఎందుకంటే ఒకే మందును అన్ని రోగాలకూ వాడుతున్నారు.

ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటే. విసిగిస్తున్న మెయిల్ ప్రతిసారీ ఒకే అడ్రస్ నుంచి వస్తోందా, అడ్రస్ మారుతోందా? ఒకటే అయితే ఫిల్టర్ బాగా పనిచేస్తుంది. మారుతుంటే ఫిల్టర్‌తో దాన్ని పట్టుకోవడం చాలా కష్టం. ఇక్కడ చెప్పేది జీమెయిల్ గురించి, మనవాళ్లలో ఎక్కువమంది వాడేది అదే కాబట్టి.

సమస్య: బ్లాక్ చేసినా అదే మెయిల్ మళ్లీ వస్తోంది

బ్లాక్ పనిచేసేది అడ్రస్ మీద, పేరు మీద కాదు. మెయిల్ పైన కనిపించే పేరు పంపేవాడు తనకు నచ్చినట్టు రాసుకోవచ్చు. "కస్టమర్ కేర్" అనే పేరుతో ఈరోజు ఒక అడ్రస్ నుంచి, రేపు ఇంకో అడ్రస్ నుంచి పంపుతాడు. మీరు నిన్నటి అడ్రస్‌ను బ్లాక్ చేశారు, వాడు దాన్ని ఎప్పుడో వదిలేశాడు.

కాబట్టి పేరు పక్కన నొక్కి అసలు అడ్రస్ చూడండి. రెండు మూడు మెయిళ్లు పోల్చి చూడండి. ఎట్ గుర్తు ముందున్న భాగం మారుతూ, తర్వాత ఉన్న డొమైన్ అలాగే ఉంటే, ఆ డొమైన్‌ను మాత్రమే ఫిల్టర్‌లోని ఫ్రమ్ గడిలో రాయండి. ఆ సంస్థ నుంచి ఏ అడ్రస్‌తో వచ్చినా అది పట్టుకుంటుంది. కానీ డొమైన్ జీమెయిల్‌ది గానీ యాహూది గానీ అయితే ఆ పని అస్సలు చేయకండి, మీ చుట్టాల మెయిళ్లు కూడా ఆగిపోతాయి.

డొమైన్ కూడా మారుతుంటే ఫిల్టర్ ఆలోచన వదిలేసి రిపోర్ట్ స్పామ్ నొక్కండి. ఉత్తినే డిలీట్ చేస్తే గూగుల్‌కు ఏమీ తెలియదు. రిపోర్ట్ చేస్తే అలాంటి మెయిళ్లను గుర్తుపట్టడానికి దానికి ఒక ఆధారం దొరుకుతుంది. ఇంకో విషయం, బ్లాక్ చేసిన వాళ్ల మెయిల్ మాయమైపోదు. స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది, అక్కడ 30 రోజులుండి చెరిగిపోతుంది.

సమస్య: అసలైన కంపెనీలే రోజూ ప్రకటనలు పంపుతున్నాయి

ఇది మోసం కాదు. ఏదో కొన్నప్పుడు, యాప్ పెట్టుకున్నప్పుడు కింద ఉన్న టిక్కు చూడకుండా ఒప్పుకుని ఉంటాం. దీనికి మొదటి మందు అన్‌సబ్‌స్క్రైబ్. జీమెయిల్‌లో పంపినవారి పేరు పక్కనే ఆ మాట చాలా మెయిళ్లకు కనిపిస్తుంది. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 మెయిళ్లకు మించి పంపే సంస్థలు తమ ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో ఆపుకునే వీలు ఇవ్వాలని గూగుల్ 2024లో నియమం తెచ్చింది. అడిగిన రెండు రోజుల్లో ఆపేయాలి కూడా. 2025లో వచ్చిన మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్ పేజీలో ఎవరెవరు ఎంత ఎక్కువగా పంపుతున్నారో ఒకేచోట చూసి తీసేయొచ్చు.

ముక్కూ మొహం తెలియని వాడి మెయిల్ లోపల ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు మాత్రం నొక్కొద్దు. ఈ అడ్రస్ వెనక మనిషి ఉన్నాడని మీరే చెప్పినట్టవుతుంది. లేదా ఆ లింకు ఏదైనా దొంగ పేజీకి తీసుకెళ్లొచ్చు. దానికి రిపోర్ట్ స్పామే సరైనది.

అన్‌సబ్‌స్క్రైబ్ చేసినా ఆగకపోతే అప్పుడు ఫిల్టర్. ఇక్కడ కొంచెం జాగ్రత్త అవసరం. చాలా కంపెనీలు బిల్లులు, టికెట్లు ఒక అడ్రస్ నుంచి, ఆఫర్లు ఇంకో అడ్రస్ నుంచి పంపుతాయి. మొత్తం డొమైన్‌ను ఆపేస్తే రైలు టికెట్టూ పోతుంది. ఆఫర్లు పంపే పూర్తి అడ్రస్ ఒక్కటే రాయండి.

సమస్య: ఫోన్‌లో ఫిల్టర్ ఎక్కడుందో దొరకడం లేదు

ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో ఫిల్టర్ తయారుచేసే వీలు లేదు, బ్లాక్ మాత్రమే చేయొచ్చు. కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, గేర్ గుర్తు నొక్కి, సీ ఆల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్‌కు వెళ్లాలి. అక్కడ క్రియేట్ ఎ న్యూ ఫిల్టర్ ఉంటుంది. ఒకసారి పెడితే చాలు, అది గూగుల్ సర్వర్‌లోనే ఉంటుంది కాబట్టి ఫోన్‌లో కూడా పనిచేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ల ఖాతాకు కూడా ఇవే ఫిల్టర్లు కావాలంటే, ఈ పేజీలోనే ఎక్స్‌పోర్ట్ చేసి వాళ్ల ఖాతాలో ఇంపోర్ట్ చేయొచ్చు.

సమస్య: ఫిల్టర్ పెట్టాను, ఏమీ మారలేదు

పాత మెయిళ్లు అలాగే ఉన్నాయా? ఫిల్టర్ మామూలుగా ఇకపై వచ్చే వాటికే వర్తిస్తుంది. చివరి పేజీలో ఆల్సో అప్లై ఫిల్టర్ అన్న చోట టిక్కు పెడితే పాతవాటి మీద కూడా పనిచేస్తుంది.

కొత్తవీ ఆగడం లేదంటే రాసిన షరతు చూడాలి. రెండు అడ్రస్‌లు రాసి మధ్యలో లేదా అనే అర్థంలో "ఆర్" (OR) అన్న ఇంగ్లీషు మాట చిన్న అక్షరాల్లో పెడితే జీమెయిల్ దాన్ని మామూలు మాటగానే చూస్తుంది. ఆ రెండక్షరాలూ క్యాపిటల్స్‌లో ఉండాలి. అలాగే పదంలో ముక్క రాస్తే కుదరదు, పదం మొత్తం ఉండాలి. రెండు మూడు మాటలు అదే వరుసలో రావాలంటే కోట్స్‌లో పెట్టాలి. ఇంకా ఫ్రమ్, సబ్జెక్ట్ రెండూ నింపితే రెండూ కలిసిన మెయిల్‌నే పట్టుకుంటుంది, ఏదో ఒకటి ఉన్నదాన్ని కాదు.

ఇవన్నీ ఊహించుకోవాల్సిన పనిలేదు. షరతులు రాశాక సెర్చ్ నొక్కండి. ఏ మెయిళ్లు వస్తాయో అవే ఆ ఫిల్టర్‌కు చిక్కేవి. ఉండకూడనిది ఒక్కటి కనిపించినా షరతు మార్చండి.

సమస్య: కావలసిన మెయిళ్లు కనిపించడం లేదు

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. వంద చెత్త మెయిళ్లు వచ్చినా విసుగు తప్ప నష్టం లేదు. ఒక్క ఆఫర్ లెటర్ పోతే, అమెరికా యూనివర్సిటీ పంపిన, స్టూడెంట్ వీసాకు కావలసిన ఐ-20 పత్రం కంటపడకపోతే నెలల శ్రమ దెబ్బతింటుంది.

కారణం చాలాసార్లు మనం పెట్టిన ఫిల్టరే. "లోన్" అనే మాట ఉన్నవన్నీ డిలీట్ చేయమని పెడతారు. కొడుకు చదువుకు ఎడ్యుకేషన్ లోన్ పెట్టుకున్నాక బ్యాంకు అడిగిన పత్రాల మెయిల్ కూడా తిన్నగా ట్రాష్‌లోకి పోతుంది. "ఆఫర్" అని పెడితే ఉద్యోగం ఆఫరూ పోతుంది.

ముందు పోయింది వెతకండి. జీమెయిల్ మామూలు సెర్చ్ స్పామ్‌లో, ట్రాష్‌లో వెతకదు. సెర్చ్ బాక్స్ చివరన ఉన్న గుర్తు నొక్కి, మెయిల్ అండ్ స్పామ్ అండ్ ట్రాష్ అని ఎంచుకుని వెతకాలి. ట్రాష్‌లో కూడా 30 రోజులే ఉంటుంది, ఆలస్యం చేయొద్దు. స్పామ్‌లో దొరికితే నాట్ స్పామ్ నొక్కండి.

తర్వాత ఫిల్టర్ సరిచేయండి. మాటలతో పెట్టిన ఏ ఫిల్టర్‌కూ డిలీట్ పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. స్కిప్ ద ఇన్‌బాక్స్, దాంతోపాటు అప్లై ద లేబుల్ పెట్టి "చూడాల్సినవి" అని ఒక లేబుల్‌లోకి, అంటే ఫోల్డర్ లాంటి దాంట్లోకి పంపండి. ఇన్‌బాక్స్ ఖాళీగానే ఉంటుంది, మెయిల్ మాత్రం ఎక్కడికీ పోదు. కొన్ని వారాలు అందులోకి చెత్త తప్ప ఇంకేమీ రాకపోతే, అప్పుడు కూడా ఒకే అడ్రస్ మీద పెట్టిన ఫిల్టర్లకే డిలీట్ ఇవ్వండి. మాట వాడక తప్పకపోతే డజంట్ హావ్ గడిలో "ఎడ్యుకేషన్" లాంటి మినహాయింపు రాయండి.

ముఖ్యమైన వాళ్ల కోసం ఉల్టా ఫిల్టర్ కూడా ఉంది. కాలేజీ, ఆఫీసు, బ్యాంకు అడ్రస్‌లు ఫ్రమ్‌లో రాసి నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్ టిక్కు పెట్టండి. బ్యాంకుల విషయంలో ఇవి ఒకసారి సరిచూసుకోండి. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31లోగా "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" డొమైన్‌కు మారాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. మీ బ్యాంకు మెయిల్ అడ్రస్ మారి ఉంటే పాత అడ్రస్‌తో పెట్టిన ఫిల్టర్ ఇక పనికిరాదు.

సమస్య: ఎవరికో రావాల్సిన మెయిళ్లు నాకు వస్తున్నాయి

ఒకే ఇంటి పేరు అక్షరం, ఒకే పేరు ఉన్నవాళ్లు మనలో ఎందరో. అవతలి వ్యక్తి తన అడ్రస్ చివర అంకె మరిచిపోయి ఫారం నింపితే అది మీకొస్తుంది. పైగా జీమెయిల్ అడ్రస్‌లో చుక్కలను లెక్కచేయదు, చుక్క ఉన్నా లేకున్నా అది మీ ఖాతానే. ఆ మెయిల్‌లోని లింకులు నొక్కకుండా, కంపెనీ అసలు వెబ్‌సైట్ ద్వారా తెలియజేయండి. అప్పటిదాకా ఆ వ్యక్తి పూర్తి పేరును కోట్స్‌లో హాజ్ ద వర్డ్స్ గడిలో పెట్టి ఒక లేబుల్‌లోకి మళ్లించండి.

సమస్య: క్యాలెండర్‌లో తెలియని మీటింగులు

మెయిల్ ఫిల్టర్ దీన్ని ఆపదు. గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో ఆహ్వానాలు చేర్చే చోట, పంపినవారు తెలిసినవారైతేనే అన్న ఎంపిక పెట్టండి.

సమస్య: నేను పెట్టని ఫిల్టర్ ఒకటి జాబితాలో ఉంది

ఇది చూస్తే వెంటనే కదలండి. ఖాతాలోకి చొరబడినవాళ్లు బ్యాంకు హెచ్చరికలు మీ కంటపడకుండా వాటిని డిలీట్ చేసే ఫిల్టర్ పెడుతుంటారు, లేదా మీ మెయిళ్లను తమ అడ్రస్‌కు ఫార్వర్డ్ చేసుకుంటారు. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ ఫిల్టర్ పోదు. దాన్ని తీసేయండి, పక్కనే ఉన్న ఫార్వర్డింగ్ పేజీ కూడా చూడండి. పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, సెక్యూరిటీ పేజీలో మీవి కాని ఫోన్లు, కంప్యూటర్లు ఉంటే సైన్ అవుట్ చేయండి. ఆ తర్వాత ట్రాష్‌లో బ్యాంకు మెయిళ్లు ఏమున్నాయో ఒక్కొక్కటీ తెరిచి చూడండి. డబ్బు పోయినట్టు తేలితే, తెల్లవారేదాకా ఆగకుండా బ్యాంకుకూ, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి.