గల్ఫ్ మిద్దె మీద మన డిష్: సమస్య - పరిష్కారం

ఊరి నుంచి బట్టల మధ్య భద్రంగా సర్దుకొని తెచ్చిన డీడీ ఫ్రీ డిష్ బాక్సు, షార్జా గదిలో టీవీకి తగిలించగానే ‘సిగ్నల్ లేదు’ అంటుంది. ఆరుగురు పడుకునే గదిలో సెలవు రోజున ఆ నీలం తెర చూస్తూ కూర్చోవడం ఎంత దిగులుగా ఉంటుందో నాకు తెలుసు. చాలామంది బాక్సు పాడైందనుకొని ఇంకొకటి కొంటారు. బాక్సు మారలేదు, ఆకాశంలోని ఉపగ్రహమూ మారలేదు. మారింది మనం నిలబడిన చోటు. వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఎంత తిప్పినా, ఎంత పెద్ద డిష్ పెట్టినా ఏమీ రాదు

ముందు మీరున్న దేశం చూసుకోండి. ఫ్రీ డిష్ ప్రసారాలు జీశాట్-15 నుంచి వస్తాయి. 2015 నవంబరులో ప్రయోగించిన ఈ ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలిచి ఉంటుంది. న్యూజెర్సీ నుంచి, డాలస్ నుంచి చూస్తే అది భూమికి అవతలి వైపు ఉంటుంది. లండన్ నుంచి చూసినా దిగంతానికి కిందే. అక్కడ పది అడుగుల డిష్ పెట్టినా ప్రయోజనం లేదు, డబ్బు వృథా చేసుకోకండి. ఆ దేశాల్లో ఇంటర్నెట్ ద్వారా వచ్చే తెలుగు ప్యాకేజీలే దారి. వార్తలు చాలనుకుంటే తెలుగు వార్తా చానళ్లు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా, ఉచితంగా వస్తాయి. సిడ్నీలో పరిస్థితి వేరు. ఉపగ్రహం ఆకాశంలో తక్కువ ఎత్తులో ఉంటుంది కానీ, దాని కిరణాన్ని మలిచింది భారతదేశం కోసం కాబట్టి అటు పడదు.

గల్ఫ్‌లో ఆ కిరణం అంచు తగులుతుంది. మస్కట్, దుబాయ్ వైపు ఆశ ఉంది. కువైట్ చేరేసరికి బాగా పలచబడుతుంది.

సిగ్నల్ బలం నిండుగా ఉంది, క్వాలిటీ మాత్రం సున్నా

నన్ను ఎక్కువమంది అడిగేది దీని గురించే. తెరపై రెండు గీతలుంటాయి. బలం చూపే గీత ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు కడ్డీకి బిగించి ఉండే, సిగ్నల్ అందుకునే పరికరానికి) కరెంటు అందుతోందని, కేబుల్ తెగలేదని మాత్రమే చెబుతుంది. డిష్‌ను గోడకేసి తిప్పినా అది సగానికి పైగా చూపించగలదు. ఉపగ్రహం దొరికిందో లేదో చెప్పేది క్వాలిటీ గీత ఒక్కటే. కాబట్టి మొదటి గీతను పూర్తిగా మరిచిపోయి రెండోదాన్నే గమనించండి.

మొదటి కారణం, దిక్కు తప్పడం. ఇక్కడి మిద్దెల మీద వరుసగా కనిపించే డిష్‌లలో ఎక్కువ భాగం నైరుతి వైపు చూస్తుంటాయి. అవి అరబ్బీ చానళ్ల కోసం నైల్‌శాట్, అరబ్‌శాట్ ఉపగ్రహాలకు గురిపెట్టినవి. పక్కవాళ్లది చూసి మనదీ అటే తిప్పితే సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటాం. మనది ఆగ్నేయం వైపు చూడాలి. దుబాయ్, షార్జాలలో నిజ ఉత్తరం నుంచి కుడివైపు దాదాపు 118 డిగ్రీలు. ఫోనులోని దిక్సూచిని ఇనుప రెయిలింగ్ పక్కన పెట్టి చూడకండి, పదిహేను డిగ్రీలు తప్పు చూపించినా ఆశ్చర్యం లేదు. మిద్దె మధ్యకు వెళ్లి, ఆ దిక్కులో దూరంగా ఏ భవనం ఉందో గుర్తుపెట్టుకొని వచ్చి డిష్ తిప్పండి.

రెండోది ఎత్తు. హైదరాబాద్‌లో జీశాట్-15 దాదాపు 63 డిగ్రీల ఎత్తులో, దాదాపు నెత్తికి దగ్గరగా ఉంటుంది. మస్కట్‌లో అదే 42, దుబాయ్‌లో 38, దోహాలో 35, కువైట్‌లో 30. ఇంటి దగ్గర డిష్ బిగించిన అనుభవం ఉన్నవాళ్లే ఇక్కడ మొదట తప్పుతారు, చేతులు పాత కోణానికే వెళతాయి కనుక. బ్రాకెట్ మీద ముద్రించిన కొలబద్దను నమ్మాలంటే స్తంభం నిటారుగా ఉండాలి. మేస్త్రీలు వాడే రసమట్టం స్తంభానికి రెండు వైపులా ఆనించి చూడండి.

మూడోది పరిమాణం. ఊళ్లో 60 సెంటీమీటర్ల డిష్ సరిపోతుంది. ఇక్కడ కనీసం 120 సెంటీమీటర్లది పెట్టి ప్రయత్నించాలి. వ్యాసం రెట్టింపయితే సిగ్నల్ పట్టే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. అయితే పెద్ద డిష్ చూపు సన్నం. చిన్నదానికి మూడు డిగ్రీల వెడల్పు ఉంటే దీనికి ఒకటిన్నర డిగ్రీలే. అందుకే ఒక వేలి వెడల్పు కదిపి, ఐదు సెకన్లు ఆగి, క్వాలిటీ చూసి, మళ్లీ కదపాలి. బాక్సుకు ఆలోచించుకునే సమయం ఇవ్వకుండా గబగబా తిప్పేవారికి అది ఎప్పటికీ దొరకదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా సున్నాయే అంటే బాక్సు అమరికల్లోకి వెళ్లండి. ఎల్‌ఎన్‌బీ రకం 9750/10600 అని ఉండాలి, 22 కిలోహెర్ట్జ్ టోన్ (బాక్సు కేబుల్ ద్వారా ఎల్‌ఎన్‌బీకి పంపే సంకేతం) ఆపి ఉండాలి. ఆ టోన్ వెళితే ఎల్‌ఎన్‌బీ పై బ్యాండుకు మారిపోతుంది, ఫ్రీ డిష్ ఉన్నది కింది బ్యాండులో.

సగం చానళ్లే వస్తున్నాయి

ఎల్‌ఎన్‌బీ మెలిక సరిపోలేదు. హైదరాబాద్‌లో దాన్ని దాని బిగింపులోనే దాదాపు 40 డిగ్రీలు తిప్పితే, దుబాయ్‌లో 53 దాకా తిప్పాలి. బిగింపు కొద్దిగా వదులు చేసి, ఐదేసి డిగ్రీలు తిప్పుతూ, రాని చానల్ మీదే క్వాలిటీ చూడండి. అయినా ఒక్క ధ్రువణం (సిగ్నల్ తరంగం నిలువుగా గానీ అడ్డంగా గానీ ఊగే తీరు) చానళ్లు పూర్తిగా రాకపోతే వోల్టేజీ అనుమానించాలి. బాక్సు 13 వోల్టులు పంపితే నిలువు, 18 పంపితే అడ్డం. పొడవాటి పాత కేబుల్‌లో ఆ 18 కాస్తా దారిలోనే తగ్గిపోతుంది.

బొమ్మ లేదు, లేదా కొన్ని చానళ్లు జాబితాలోనే కనిపించవు

మీది పాత ఎంపెగ్-2 బాక్సు. ఎంపెగ్ అంటే బొమ్మను కుదించి పంపే పద్ధతి. ఎంపెగ్-4లో వచ్చే చానళ్లను అది విప్పలేదు. కొత్త బాక్సు కొనడమే మార్గం.

నిన్నటిదాకా వచ్చింది, ఇప్పుడు ముక్కలు ముక్కలవుతోంది

గాలి వీచినప్పుడు ముక్కలైతే బోల్టులు చూడండి. 120 సెంటీమీటర్ల డిష్ షమాల్ గాలికి (గల్ఫ్‌లో వాయవ్యం నుంచి వీచే బలమైన గాలి) తెరచాపలా ఊగుతుంది. స్తంభానికి అదనపు ఊతం కావాలి.

రాత్రిపూట తేమకు పోయి మధ్యాహ్నానికి తిరిగి వస్తుంటే, తప్పు కనెక్టర్‌ది. ఒకసారి నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక తమ్ముడి డిష్ దగ్గర ఎల్‌ఎన్‌బీ కనెక్టర్ విప్పి చూశాను. మధ్య రాగి తీగ మీద పచ్చటి చిలుము, అల్లిక తీగల్లో ఒక వెంట్రుకంత పోగు వెళ్లి ఆ రాగిని తాకుతోంది. అతను రెండు నెలలుగా డిష్ తిప్పుతున్నాడు. కేబుల్‌ను జానెడు కోసేసి, కొత్త కనెక్టర్ బిగించి, మీద రబ్బరు టేపు సాగదీసి చుట్టాం. కేబుల్‌ను కనెక్టర్ కంటే కిందికి వంపుగా వదిలి కట్టాం, నీటి బొట్టు అక్కడి నుంచే జారిపోతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ పనిని ఏడాదికోసారి చేయండి.

మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదటి వారంలో, దుబాయ్, మస్కట్‌లలో ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య కొన్ని నిమిషాలు మాయమవుతుంటే దేన్నీ ముట్టుకోకండి. ఆ సమయంలో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, ఆ వేడి రొదలో సిగ్నల్ మునిగిపోతుంది. కొద్ది రోజుల్లో తనంతట తానే సర్దుకుంటుంది.

నెలసరి చందా బాక్సు తెచ్చాను, చానళ్లు తెరుచుకోవడం లేదు

సెలవుకు వెళ్లి వారాల తరబడి బాక్సు ఆపి ఉంచితే, ఉపగ్రహం ద్వారా వచ్చే అనుమతి సందేశాలు అందక కార్డు నిద్రపోతుంది. అయితే ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. భారత డీటీహెచ్ సంస్థల అనుమతి భారతదేశం వరకే. వాటి బాక్సును ఇక్కడ వాడటం ఒప్పందానికి విరుద్ధం, ఎప్పుడు ఆపేసినా అడిగే హక్కు మనకు ఉండదు. సీరియళ్లు, సినిమాలు కావాలనుకునే కుటుంబాలు స్థానిక టెలికాం సంస్థల దగ్గర తెలుగు ప్యాకేజీ ఉందేమో అడగడం మేలు. మిద్దె మీద డిష్ పెట్టడానికి కూడా ముందే భవన యజమానిని అడగండి, బాల్కనీలో బిగిస్తే జరిమానా పడవచ్చు.

అన్నీ వస్తున్నాయి, కానీ అమ్మ చూసే సీరియల్ ఎప్పుడూ అయిపోయే ఉంటుంది

బాక్సు గడియారం భారత కాలంలోనే ఉంది. దుబాయ్, మస్కట్ గంటన్నర వెనుక, దోహా, కువైట్, రియాద్ రెండున్నర గంటలు వెనుక. ఊళ్లో రాత్రి ఎనిమిదికి మొదలయ్యేది దుబాయ్‌లో సాయంత్రం ఆరున్నరకే వస్తుంది, మనం ఇంకా పని నుంచి బయలుదేరి ఉండం. బాక్సులో యూఎస్‌బీ రికార్డింగ్ ఉంటే పెన్‌డ్రైవ్ పెట్టి, టైమర్‌ను దుబాయ్ కాలం ప్రకారం ఆరు ఇరవై అయిదుకు (గడియారం భారత కాలంలోనే ఉంటే ఏడు యాభై అయిదుకు) మొదలయ్యేలా అమర్చండి. టైమర్ ఏ దేశపు గడియారం ప్రకారం నడుస్తోందో మాత్రం ఒక రోజు ముందే పరీక్షించుకోండి.